బానే ఉంటుందంట

హలో... ఆఁ, వినపడుతోందా? అందరూ బాగున్నారు కదండీ! పొయ్యి మీద ఏవైనా ఉంటే మంట తగ్గించి రండి. బండి మీదున్నవాళ్ళు ముందు పక్కకి ఆపండి. ఇది బండి కథే గానీ, బండి నడుపుతూ వినే కథ కాదు. వచ్చారా? సరే, చెప్తున్నా.

ఆ ఊళ్ళో కొండదారి మొదలయ్యే చోట ఒక మెకానిక్ షెడ్డు ఉంది. దాని మేస్త్రిని అందరూ నిదానం మేస్త్రి అంటారు. ఎవరు ఎంత తొందరలో వచ్చినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే, "నిదానం." షెడ్డు పైగదిలో ఆయన భార్య బట్టలు కుడుతుంది. పైన కుట్టుమిషను చప్పుడూ కింద ఇంజను చప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పొద్దున్న పూట ఆ ఇల్లు తీరిగ్గా గురకపెడుతున్న పెద్ద జంతువులా ఉంటుంది.

మంగళవారం పొద్దున, ఇంకా మంచు విడవకముందే, ఒక పొడుగుకాళ్ళ బండి వచ్చి ఆగింది. మట్టిదారిలోనూ తారురోడ్డు మీదా రెండుచోట్లా తిరిగే రకం. ముందు చక్రం పెద్దది, సీటు గుర్రమంత ఎత్తు. వెనక అటొకటి ఇటొకటి రేకుపెట్టెలు. దాని మీంచి ఒక బొద్దు మనిషి దిగి హెల్మెట్ తీశాడు. ఊళ్ళో ఆయన్ని సీసాలాయన అంటారు. తాగుబోతు అనుకునేరు, పాపం ఆ సీసాలు కావు. కొండ మీది ఊళ్ళకి పోయి ఊటల్లోనూ బావుల్లోనూ నీళ్ళు పట్టి, కింద నీళ్ళ పరీక్ష ఆఫీసుకి తెచ్చివ్వడం ఆయన ఉద్యోగం. రోజుకి ఇరవైనాలుగు లీటరు సీసాలు. ఆ నీళ్ళు మంచివని కాగితం మీద పడ్డాకే పై ఊళ్ళవాళ్ళు నోట పోసుకుంటారు.

"మేస్త్రి గారూ, బండి తల ఊపుతోంది," అన్నాడు సీసాలాయన.

"ఔనని ఊపుతోందా, కాదని ఊపుతోందా?"

"కాదనే. దిగేటప్పుడు. హ్యాండిలు అటూ ఇటూ గిలగిలా కొట్టేసుకుంటుంది."

"మరి ఎక్కేటప్పుడు?"

"ఎక్కేటప్పుడు బానే ఉంటుందంట..." అని, గొంతు సవరించుకుని, "బానే ఉంటుంది," అన్నాడు.

మేస్త్రి అప్పటికే బండి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇంజను కింద దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాడు. చక్రానికి అటూ ఇటూ ఉన్న రెండు ఫోర్కు గొట్టాల్నీ అడుగున పట్టుకుని, నిద్రపోతున్న పిల్లాణ్ణి కదిపినట్టు ముందుకీ వెనక్కీ కదిపాడు. ఎక్కడో లోపల 'టక్' మంది. తర్వాత కళ్ళు మూసుకుని, ఒక్క వేలితో హ్యాండిల్ని ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పాడు. సరిగ్గా మధ్యలో అది చిన్న గుంటలో పడ్డట్టు ఆగి, మళ్ళీ కదిలింది.

"హ్యాండిలు మెడలో ఉక్కుగుళ్ళు అరిగిపోయాయి. వాటిని తీసేసి రోలర్ బేరింగులు వేద్దాం. ఫోర్కుల్లో స్ప్రింగులు కూడా ముసలివైపోయాయి."

"డ్యాంపర్ ఒకటి బిగించేస్తే హ్యాండిలు ఊగదంటున్నారు మేస్త్రీ."

"జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తాం. బానే ఉంటుంది. కానీ జ్వరం ఎందుకొచ్చిందో చూడొద్దూ? నిదానం. ఎక్కి కూర్చో. బూట్లతోనే కూర్చో. అలా ఊపిరి బిగబట్టకయ్యా, పొట్ట లోపలికి లాగితే బరువేం తగ్గదు."

సీసాలాయన నవ్వాడు. మేస్త్రి టేపుతో చక్రం ఇరుసు నుంచి పైకి కొలిచి, మనిషి ఎక్కితే ఫోర్కు ఎంత దిగుతోందో చూసుకుని, అట్టముక్క మీద '88 కిలోలు' అని రాసి, తీగతో హ్యాండిలుకి కట్టాడు. ఆయన షెడ్డులో ప్రతి బండికీ అలాంటి అట్టముక్క ఒకటి వేలాడుతుంది.

రెండు రోజులు ఆ పనే. పాత ఆయిలు మురికినీళ్ళలా కారింది. గొట్టాలు కిరసనాయిలుతో కడిగి, పాత బనీనుతో తుడిచి, ఎండకి పెట్టాడు. లావు తీగ స్ప్రింగులు తెచ్చి దించాడు. చిక్కటి ఆయిలు కొలతగ్లాసులోంచి సన్నటి దారంలా దిగుతుంటే ఆయనకి కాలం కూడా అంతే చిక్కగా, అంతే తీరిగ్గా కారుతున్నట్టు అనిపించింది. ఫోర్కులు రెండూ విడివిడిగా మెలిపడకుండా మధ్యలో అల్యూమినియం పట్టీ బిగించాడు. చివర్లో ఫోర్కు గొట్టానికి చిన్న ప్లాస్టిక్ ట్యాగు చుట్టాడు. దారిలో ఫోర్కు ఎంత లోతుకి మునిగితే ట్యాగు అంత పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది. మనిషి అబద్ధమాడినా ట్యాగు ఆడదని ఆయన నమ్మకం.

గురువారం సీసాలాయన షెడ్డు ముందు ఒక రౌండు కొట్టొచ్చి, "వెన్న మేస్త్రీ, వెన్న!" అని తీసుకెళ్ళాడు.

శనివారం మధ్యాహ్నం బండి మళ్ళీ వచ్చింది. ఎడమ పక్క క్లచ్ లివరు వంకరపోయి ఉంది. హ్యాండిలు చివర ఎర్రమట్టి కరుచుకుని ఉంది. ఎడమ పెట్టె సొట్ట. మేస్త్రి బండిని చూశాడు, మనిషిని చూశాడు. చొక్కా నలగలేదు. మోకాలు చిరగలేదు.

"పడిందా?"

"ఆఁ. పైన రాళ్ళ దగ్గర. ముందు చక్రం రాయి మీంచి రాయికి ఎగిరిందట... ఎగిరింది."

"నీకేం తగల్లేదా?"

"నాకా? నాకేం కాలేదు మేస్త్రీ," అన్నాడు సీసాలాయన. అంటూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. దెబ్బ తగలని మనిషికి కళ్ళలో ఆ నీళ్ళేమిటో మేస్త్రికి అర్థం కాలేదు. "సోమవారం రా," అని పంపించేశాడు.

తర్వాత బండి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ట్యాగు సగంలోనే ఆగి ఉంది. ఎనభై ఎనిమిది కిలోల మనిషి ఆ కొండ దిగుతూ బ్రేకు వేస్తే అడుగుకి రెండు వేళ్ళ దూరం దాకా మునగాల్సిన ఫోర్కు. సీటు చూశాడు. మధ్యలో కాదు, ముందు అంచున, ట్యాంకుని ఆనుకుని అరిగింది. కాలు నేలకి అందనివాళ్ళు జరిగి జరిగి కూర్చునే చోటు అది.

ఎండ రేకుల సందులోంచి దిగి నేల మీద కాసుల్లా పడింది. మేస్త్రికి కునుకు పట్టింది. మబ్బులోంచి ఆ బండి దిగి వస్తున్నట్టూ, దాని వెనక నీళ్ళు మాట్లాడుతున్నట్టూ, హెల్మెట్ ఎత్తి చూస్తే లోపల ఎవరూ లేనట్టూ కనిపించింది.

"ఏమండోయ్! బండితో కాపరం ఎప్పుడు పెట్టారు?"

కళ్ళు తెరిస్తే ఎదురుగా భార్య. చేతిలో టీ గ్లాసు, మెడలో కొలతల టేపు.

"లెక్కగట్టే వేశానే స్ప్రింగులు. ఎక్కడ తప్పానో తెలియట్లేదు," అన్నాడు.

"ఎవరి ఆది తీసుకున్నారు?"

ఆది అంటే తెలుసుగా! కొత్త బట్టతో పాటు కొలతకని దర్జీకి ఇచ్చే పాత చొక్కా.

"ఆయనదే. బండి తెచ్చింది ఆయనేగా."

"తెచ్చినవాడిదే ఆది అనుకుంటే నేనెప్పుడో మిషను మూసేసుకునేదాన్ని. మొగుడి చొక్కా పెళ్ళాం తెస్తుంది, మనవడి నిక్కరు తాత తెస్తాడు. తొడుక్కునేదెవరని అడిగాకే నేను కత్తెర పట్టుకుంటా."

"ఆయన తిరిగే బండే కదే అది."

"మీ చెవుల్లో గ్రీజు ఉందేమో గానీ నా చెవుల్లో లేదు. మొన్న పైనుంచి వింటూనే ఉన్నా. 'ఎక్కేటప్పుడు బానే ఉంటుందంట' అన్నాడు. ఇవాళ 'ఎగిరిందట' అన్నాడు. సొంత పన్ను నొప్పెడితే ఎవడైనా 'నొప్పిగా ఉందంట' అంటాడా?"

మేస్త్రి గ్లాసు నేల మీద పెట్టాడు. హ్యాండిలుకున్న అట్టముక్క వంక చూశాడు. తర్వాత దాన్ని విప్పి తిరగేశాడు. వెనక వైపు ఖాళీగా ఉంది.

సోమవారం సీసాలాయన వచ్చేసరికి మేస్త్రి తాళంచెవి జేబులో వేసుకుని కూర్చున్నాడు.

"నడిపే మనిషిని తీసుకురా. కూర్చోబెట్టి కొలవాలి."

"అదేంటి మేస్త్రీ, నేనే కదా..."

"ఏదీ, ఎడమ మోచెయ్యి చూపించు."

సీసాలాయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పైన కుట్టుమిషను కూడా ఆగిపోయింది.

"సీసాలు కూడా తీసుకురా. ఇరవైనాలుగూ నీళ్ళు నింపి. అవి నేను లెక్కలోకే తీసుకోలేదు, అది నా బుద్ధితక్కువ," అన్నాడు మేస్త్రి.

గంట తర్వాత తోపుడుబండి మీద సీసాలతో అన్నాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. చెల్లెలికి పాతికేళ్ళు పైన ఉంటాయి. సన్నటి మనిషి. పొడుగు చేతుల చొక్కా కింద ఎడమ మోచేతి దగ్గర కట్టు ఉబ్బెత్తుగా ఉంది. లోపలికి రాగానే ఆమె ఎవర్నీ పలకరించలేదు. నేరుగా బండి దగ్గరికి వెళ్ళి, వంకర లివరుని బొటనవేలితో తడిమింది.

"ఎక్కు తల్లీ," అన్నాడు మేస్త్రి.

ఆమె ఎడమకాలు ఫుట్‌రెస్టు మీద ఆనించి ఒక్క ఊపున ఎక్కి, అలవాటుగా ముందుకి జరిగింది. మేస్త్రి టేపు పెట్టాడు.

"డెబ్బై మిల్లీమీటర్లు దిగాలి. నలభై కూడా దిగట్లేదు. ఈ స్ప్రింగులు నిన్ను మొయ్యట్లేదమ్మా, రాయి తగిలినప్పుడల్లా ఎగరేస్తున్నాయి. నిన్ను పడేసింది రాయి కాదు, నేను."

"మీకేం తెలుసు బాబాయ్, మీకు చెప్పినవాళ్ళు అసలు సంగతి చెప్పలేదు," అందామె, అన్న వైపు చూడకుండా.

"మేస్త్రీ, నాకు..." అని సీసాలాయన ఆగాడు. గోడకున్న స్పానర్ల వైపు చూస్తూ చెప్పాడు. "ఒకసారి పడ్డాను. రెండేళ్ళయింది. పెద్ద దెబ్బ కూడా కాదు. కానీ అప్పట్నుంచీ కొండ కనబడితే చాలు, నా చేతులు కర్రలైపోతాయి. మా చెల్లి 'వారం రోజులు నేను పోతాలే అన్నయ్యా' అంది. ఆ వారం అయిపోలేదు."

"ఆఫీసులో?"

"కింద కల్వర్టు దగ్గర మారతాం. అక్కడ్నుంచి రెండు కిలోమీటర్లు చదును. నేను ఎక్కి గేట్లోకి పోతా, తను నడిచి ఇంటికి పోతుంది. తెలిస్తే ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఇల్లు గడిచేది దాంతోనే."

మేస్త్రి పెట్టెల్లో సీసాలు సర్దసాగాడు. ఒక్కో సీసా పెడుతుంటే బండి వెనక భాగం కుంగి, ముందు చక్రం బరువు దించుకున్న మనిషిలా తేలికైపోయింది. అదీ సంగతి. ఎక్కేటప్పుడు ఖాళీ సీసాలు, దిగేటప్పుడు ఇరవైనాలుగు కిలోల నీళ్ళు. అంత బరువు వెనక, అంత తేలిక మనిషి ముందు.

"పడ్డప్పుడు భయమేసిందా?" అని అడిగాడు.

"పడ్డప్పుడు లేదు బాబాయ్." ఆమె ఇంకా సీటు మీదే ఉంది. "లేచి బండి ఎత్తుకున్నా. మూడు సీసాలు పగిలాయి, మళ్ళీ పైకెళ్ళి పట్టుకొచ్చా. అప్పటిదాకా బానే ఉన్నా. ఇంటి పక్కావిడ ఈ కట్టేమిటని అడిగితే మెట్ల మీద జారానని చెప్పాల్సొచ్చింది. ఆఫీసులో వాళ్ళంతా పడింది అన్నయ్యేనని వాడికి టీ ఇచ్చి కూర్చోబెట్టారట. నేను పడటం కూడా వాడి పేరు మీదే. అప్పుడేడ్చా."

సీసాలాయన తల దించుకున్నాడు. మెట్ల మీద ఎప్పుడొచ్చి నిలబడిందో మేస్త్రి భార్య, "దిగమ్మా, ముందు మొహం కడుక్కుందువు గానీ," అంది.

ఆ మధ్యాహ్నమంతా మేస్త్రి చేసినదంతా విప్పాడు. లావు స్ప్రింగులు తీసి, యాభై రెండు కిలోల మనిషికి సరిపోయే సన్నవి దించాడు. ఆయిలు మార్చాడు. వెనక స్ప్రింగు బిగించి, నీళ్ళ బరువుకి కుంగకుండా నిలబెట్టాడు. రేకుపెట్టెల్ని జానెడు ముందుకి, బెత్తెడు కిందికి జరిపి కొత్త బోల్టులు వేశాడు. ఆమె పదిసార్లు ఎక్కింది, పదిసార్లు దిగింది. ప్రతిసారీ టేపు. "ఇప్పుడెలా ఉంది?" అంటే అన్నయ్య నోరు తెరిచేవాడు. "నిన్ను కాదయ్యా," అనేవాడు మేస్త్రి. పదకొండోసారి ముందు చక్రం నేలని మెత్తగా, గట్టిగా ఒకేసారి పట్టుకుంది. ఆమె హ్యాండిలు మీద చేతులు వదులు చేసి కాసేపు అలాగే కూర్చుంది.

అట్టముక్క వెనక వైపు మేస్త్రి '52, నీళ్ళు 24' అని రాశాడు.

మర్నాడు ఆమె వెనకే మేస్త్రి తన పాత బండి మీద కొండెక్కాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ కొండ కింద కాపరముంటూ ఆయన ఎప్పుడూ పైదాకా వెళ్ళలేదు. దారి మబ్బులోకి పోయింది. చెట్లు ముందు నీడల్లా వచ్చి, దగ్గరైతే చెట్లై, మళ్ళీ నీడలైపోయాయి. ఎక్కడో కనబడని ఊటలు. ఆమె ఆగిన చోటల్లా ఆడవాళ్ళు, పిల్లలు, గొడ్డలి పట్టుకున్న ముసలాయన, అందరూ చెయ్యెత్తారు. వాళ్ళు హెల్మెట్ వైపు చూసి చెయ్యెత్తడం లేదని, దాని లోపలున్న మనిషికే ఎత్తుతున్నారని మేస్త్రికి మొదటి ఊళ్ళోనే తెలిసిపోయింది. పై ఊళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తెలియనిది కింద ఊరికే.

దిగేటప్పుడు ఆమె వెనక పెట్టెల్లో నీళ్ళు చిన్నగా మాట్లాడుకుంటున్నాయి. రాళ్ళ దగ్గర ముందు చక్రం ఒక్కో రాయినీ ఎక్కి, దిగి, మునిగి, లేచింది. పిల్లి గోడ దిగినట్టు. మేస్త్రి ఆ ఫోర్కుల్నే చూస్తూ, తనే నీళ్ళలో తేలుతున్నట్టు, చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ లేనట్టు వచ్చాడు. మలుపులన్నీ అయిపోయి తిన్నటి తారురోడ్డు రాగానే ఆమె వేగం పెంచింది. ఇదివరకు తల ఊపింది సరిగ్గా అక్కడే. ఆమె రెండు అరచేతులూ హ్యాండిలు మీంచి బెత్తెడు పైకి లేపింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. బండి ఎటూ చూడలేదు. మబ్బుని చీల్చుకుంటూ గీత గీసినట్టు పోయింది. మేస్త్రికి కళ్ళు మసకబారాయి. చలిగాలికేలే అనుకున్నాడు.

కల్వర్టు మీద సీసాలాయన ఎదురుచూస్తున్నాడు. అంతా చూశాడు. చెల్లెలు దిగి, హెల్మెట్ తీసి ఎప్పట్లాగే ఆయన చేతికిచ్చింది. ఆయన పెట్టుకుని, కాలెత్తి ఎక్కబోయాడు. ముందుకి జరిపిన పెట్టెలు నడుముకి అడ్డమొచ్చాయి. ఎలాగో ఇరుక్కుని కూర్చుంటే బండి ముందుకి మునిగిపోయి, మోకాళ్ళు హ్యాండిలుకి తగిలాయి. దిగి మరో వైపు నుంచి ఎక్కి చూశాడు. అంతే.

"మేస్త్రీ, నాకు చోటు లేదే!" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

"బండికి ఏది కావాలో అది చేశా నాయనా. నీ సంగతి ఆలోచించలేదు," అన్నాడు మేస్త్రి. అది నిజమే.

"మళ్ళీ వెనక్కి జరపొచ్చు కదా?"

"జరపొచ్చు. నాలుగు బోల్టులు. పది నిమిషాల పని. మళ్ళీ తల ఊపుతుంది."

సీసాలాయన కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. చెల్లెలు రోడ్డు పక్క గడ్డి వైపు చూస్తూ నిలబడింది. ఆమె చేతులు మాత్రం ఇంకా హ్యాండిలు పట్టుకున్నట్టే సగం ముడుచుకుని ఉన్నాయి. సీసాలాయన ఆ చేతుల్నే చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, హెల్మెట్ తుడిచి ఆమె తలకి పెట్టాడు.

"పద. నేను నడుస్తా."

"అన్నయ్యా, గేటు దగ్గర ఇంజనీరమ్మ ఉంటుంది."

"ఉండనీ. నిదానంగా పోనీ, నా పొట్టతో పరిగెత్తలేను."

రెండు కిలోమీటర్లూ ఆమె నడక వేగంతో నడిపింది. ఆయన పక్కనే చెమటలు కక్కుకుంటూ నడిచాడు. మేస్త్రి వెనక ఇంజను ఆపేసి బండి తోసుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ నోరెళ్ళబెట్టాడు.

"ఏంటి సీసాలాయనా, బండి ఎక్కకుండా దాని పక్కన నడుస్తున్నావ్? డాక్టరు గానీ నడవమన్నాడా?"

"ఇక నన్ను సీసాలాయన అనకు. సీసాలు తెచ్చేది మా చెల్లి."

సీసాలు తీసుకోవడానికి వచ్చిన ఇంజనీరమ్మ మెట్ల మీదే ఆగింది. "ఇవాళ ఈమె తెచ్చిందా?"

"రెండేళ్ళ నుంచీ అమ్మా."

"మరి సీసాల చీటీల మీద సంతకాలు?"

"సంతకాలు నావి. నీళ్ళు తను తెచ్చినవి. మొన్న పడింది కూడా తనే."

ఇంజనీరమ్మ ఆ మోచేతి కట్టు వైపు చూసింది. "ఇది నేనొక్కదాన్నే తేల్చేది కాదు. పైకి రాయాలి. నీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నేను చెప్పలేను. ఆమెకిస్తారనీ చెప్పలేను," అంది.

"రాయండమ్మా. ఉన్నదున్నట్టు రాయండి."

"రాస్తాను. ఇవాళ్టి సీసాలకి మాత్రం, తెచ్చినవాళ్ళే సంతకం పెట్టాలి." చీటీల కట్టా పెన్నూ చెల్లెలి వైపు చాపింది.

చెల్లెలు చేతితొడుగులు తీసి బండి మీద పెట్టింది. మొదటి చీటీ మీద పేరు వంకర్లు పోయింది, ఆమెకే నచ్చలేదు. అన్నయ్య దాన్ని తీసుకుని, ఉమ్మి తడి అద్దకుండా జాగ్రత్తగా జిగురు రాసి, సీసాకి అంటించాడు. పదో చీటీకి ఆమె చెయ్యి కుదురుకుంది. ఇరవయ్యోది దాటాక ఇక తల వంచి చూసుకోకుండానే రాసేస్తోంది. ఆఖరి సీసాని అన్నయ్య రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పట్టి, దాని మీది పేరు పైకి చదివాడు. లోపల నీళ్ళు ఇంకా మెల్లగా ఊగుతున్నాయి. అవి ఆగేదాకా దాన్ని ఎవరూ లోపలికి తీసుకెళ్ళలేదు.

ఇదండీ కథ. ఫోను పెట్టేసేముందు ఒక్క మాట. ఇంకొకరి పేరు మీద పని చేసుకుపోయే మనిషి మీకెవరైనా గుర్తొస్తే, ముందు ఈ కథ వాళ్ళకి పంపండి. తర్వాత, ఆ పేరు గల మనిషికి కూడా తప్పకుండా పంపండి.